సభ్యత్వం దేనికి? భౌతికశాస్త్ర సంఘాలు, వార్తలు, అవకాశాలు: ఒక సమీక్ష

భౌతికశాస్త్రం చదివేవాళ్ళకు, చెప్పేవాళ్ళకు, అందులో పరిశోధన చేసేవాళ్ళకు దాదాపు ప్రతి పెద్ద దేశంలోనూ ఓ జాతీయ సంఘం ఉంది. రుసుము కడితే సభ్యత్వం ఇస్తుంది. పత్రిక పంపుతుంది, సభలు పెడుతుంది, ఫెలోషిప్పులు, పురస్కారాలు, ఉద్యోగాల ప్రకటనలు చేరవేస్తుంది. నూటయాభై ఏళ్ళకు పైగా నడిచిన ఈ ఏర్పాటు ప్రయోజనం మీద ఇప్పుడు అనుమానం పుట్టింది. పరిశోధన పత్రం రాసిన మర్నాడే ఇంటర్నెట్‌లో దొరుకుతోంది. ఫెలోషిప్ ప్రకటన సంఘం పత్రికలో అచ్చయ్యేలోపే పది వాట్సాప్ గ్రూపులు తిరుగుతోంది. అలాంటప్పుడు సంఘం ఇచ్చే వార్తకు విలువేమిటి? అది చూపించే అవకాశం ఎవరికి అందుతోంది?

ఈ ప్రశ్నలకు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. వాటి చరిత్ర ఏమిటి, ప్రధాన వాదాలు ఏవి, మన దేశంలో పరిస్థితి ఎలా ఉంది, ఇంకా తేలనివి ఏవి అన్నది వరుసగా చూద్దాం.

వార్త కోసం పుట్టిన సంఘం

1845 జనవరిలో బెర్లిన్‌లో ఆరుగురు యువకులు భౌతికశాస్త్ర సంఘం ఒకటి పెట్టుకున్నారు. ప్రొఫెసర్ గుస్తావ్ మాగ్నుస్ ఇంట్లో జరిగే గోష్ఠుల్లో కలిసినవాళ్ళు వీళ్ళు. కొత్త పరిశోధనలను తామే అచ్చు వేయాలన్నది వాళ్ళ మొదటి ఆలోచన కాదు. ఆ ఏడాది లోకంలో ఎక్కడెక్కడ ఏ పని జరిగిందో చదివి, సంగ్రహించి, ఏటా ఓ సంపుటం తేవాలనుకున్నారు. 'ఫోర్ట్‌ష్రిట్టె డెర్ ఫిజీక్', అంటే 'భౌతికశాస్త్ర ప్రగతి', అలా మొదలైంది. ఈనాటి జర్మన్ ఫిజికల్ సొసైటీకి మూలం ఈ సంఘమే. అంటే దాని తొలి సరుకు వార్తే. అప్పట్లో వార్తకు కరువు ఉండేది. పారిస్‌లో ఏం జరిగిందో బెర్లిన్ కుర్రవాడికి తెలియాలంటే మధ్యలో ఎవరో చదివి చెప్పాలి.

వార్త ముఖాముఖి చేరితే ఏమవుతుందో అదే సంఘం చరిత్రలో కనిపిస్తుంది. 1900 అక్టోబరు 19న సంఘం సమావేశంలో మాక్స్ ప్లాంక్ వేడి వస్తువుల వికిరణానికి ఓ కొత్త సూత్రం ప్రతిపాదించాడు. సభలో ఉన్న ప్రయోగశాస్త్రజ్ఞుడు హైన్రిష్ రూబెన్స్ ఆ రాత్రే తన కొలతలు ముందేసుకుని సూత్రాన్ని సరిచూశాడు. మర్నాడు పొద్దున్నే ప్లాంక్ ఇంటికి వెళ్ళి అంకెలు కలిశాయని చెప్పాడు. డిసెంబరు 14న అదే సంఘంలో ప్లాంక్ ఆ సూత్రానికి క్వాంటం ఆధారం చూపించాడు. సిద్ధాంతకర్తా కొలతలవాడూ ఒకే గదిలో కూర్చోవడమే అక్కడ సభ్యత్వం వల్ల కలిగిన మేలు.

పారిస్‌లో 1873లో, లండన్‌లో 1874లో ఇలాంటి సంఘాలు వచ్చాయి. 1899 మే 20న న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 36 మంది చేరి అమెరికన్ ఫిజికల్ సొసైటీని స్థాపించారు. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో 1893లో మొదలైన 'ఫిజికల్ రివ్యూ' 1913లో దాని చేతికి వచ్చింది. అప్పటినుంచి సంఘమంటే జర్నల్, సభ, సభ్యుల జాబితా అన్న మూస స్థిరపడింది.

మన దేశంలో జర్నల్ ముందు వచ్చింది, సంఘం తర్వాత వచ్చింది. కలకత్తాలో రామన్ పూనికతో 1926లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్' మొదలైంది. 1928 మార్చి 16న బెంగళూరులో సౌత్ ఇండియన్ సైన్స్ అసోసియేషన్ సభలో రామన్ తన కొత్త వికిరణం గురించి చేసిన ప్రసంగం ఆ జర్నల్‌లోనే అచ్చయింది. దాని ప్రతులు పోస్టులో దేశదేశాల శాస్త్రవేత్తలకు వెళ్ళాయి. విదేశీ జర్నల్ దయకోసం కాచుకోకుండా సొంత పత్రికలో వార్త వేసుకుని, తామే లోకానికి పంపుకున్న సందర్భం అది.

నాలుగు వాదాలు

సంఘం దేనికి అన్న చర్చలో ముఖ్యంగా నాలుగు వాదాలు వినిపిస్తాయి.

*విద్వత్సభ వాదం.* అన్నిటికన్నా పాతది. మంచి పరిశోధనను వినిపించడం, విమర్శించడం, అచ్చు వేయడం వరకే సంఘం పని అంటుంది. దీని బలం ఏమిటో 1987 మార్చి 18 రాత్రి న్యూయార్క్ హిల్టన్ హోటల్‌లో కనిపించింది. ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే విద్యుత్తును నిరోధం లేకుండా పోనిచ్చే కొత్త పదార్థాల మీద అమెరికన్ ఫిజికల్ సొసైటీ అప్పటికప్పుడు ఓ ప్రత్యేక గోష్ఠి పెట్టింది. దాదాపు 1,800 మంది హాల్లో కిక్కిరిశారు. పట్టనివాళ్ళు బయట టీవీ తెరల ముందు నిలబడ్డారు. 51 చిన్న ప్రసంగాలు తెల్లవారుజామున మూడు దాటేదాకా సాగాయి. ఈ వాదానికి ఉన్న బలహీనత వేరు. పరిశోధన చేయని సభ్యుడికి, అంటే డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కో పరిశ్రమలో పనిచేసేవాడికో, ఇందులో శ్రోత పాత్ర తప్ప మరొకటి దక్కదు.

*వృత్తి సంఘం వాదం.* మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ప్రయోగశాలలకు, కర్మాగారాలకు భౌతికశాస్త్రజ్ఞులు కావలసివచ్చారు. వైద్యుడికీ ఇంజనీరుకూ ఉన్నట్టు వాళ్ళకు వృత్తి గుర్తింపు లేదు. ఆ లోటు తీర్చడానికి 1920లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ వచ్చింది. 1874 నాటి లండన్ ఫిజికల్ సొసైటీ విద్వత్సభగా దాని పక్కనే నడిచింది. ఒకటి అర్హతల గురించి, మరొకటి ఆలోచనల గురించి పట్టించుకునే ఈ రెండూ 1960లో ఒకటయ్యాయి. 1970లో రాజపత్రం దక్కింది. అక్కడ తగిన చదువు, అనుభవం ఉన్నవాళ్ళకు 'చార్టర్డ్ ఫిజిసిస్ట్' అనే హోదా దొరుకుతుంది. ఈ వాదం ప్రకారం ఉద్యోగ ప్రకటన, జీతాల సమాచారం, నైపుణ్య శిక్షణ సంఘానికి అసలు పనులే. పట్టా పట్టుకున్నవాళ్ళలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లో, బ్యాంకుల్లో, బడుల్లో తేలుతున్నప్పుడు వాళ్ళను 'మనవాళ్ళు' అనుకునే సంఘం ఉండాలని దీన్ని సమర్థించేవాళ్ళు అంటారు.

*బోధన వాదం.* అమెరికన్ ఫిజికల్ సొసైటీ బోధనను తగినంత పట్టించుకోవడం లేదన్న అసంతృప్తితో 1930లో అక్కడ ఉపాధ్యాయుల సంఘం విడిగా ఏర్పడింది. మన దేశంలోనూ అలాగే జరిగింది. డి.పి. ఖండేల్వాల్ చొరవతో 1984లో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ వచ్చింది. నూరు మంది పరిశోధకులకు ఒక సభ పెట్టే ఖర్చుతో వెయ్యి తరగతి గదులకు ప్రయోగాలు అందించవచ్చు కదా అని ఈ వాదం అడుగుతుంది. ఎదుటివాళ్ళు దీనికి ఇచ్చే జవాబు ఒకటే: పరిశోధనతో సంబంధం తెగిన బోధన పదేళ్ళలో పాతబడుతుంది.

*పౌర బాధ్యత వాదం.* శాస్త్రజ్ఞుల సంఘం దేశ వ్యవహారాల మీద నోరు విప్పాలా అన్నది అన్నిటికంటే వాడిగా సాగిన తగువు. వియత్నాం యుద్ధ కాలంలో, సామాజిక విషయాల మీద సభ్యులు ఓటు వేసి తీర్మానాలు చేసుకునే హక్కు ఉండాలని బర్కిలీకి చెందిన చార్లెస్ ష్వార్ట్జ్ అమెరికన్ సంఘం నియమావళికి సవరణ తెచ్చాడు. 1968లో సభ్యులు దాన్ని తిరస్కరించారు. కానీ చర్చ ఆగలేదు. 1987లో అదే సంఘం రీగన్ ప్రభుత్వపు 'స్టార్ వార్స్' పథకంలోని లేజర్, కణపుంజ ఆయుధాల మీద నిపుణుల నివేదిక ఇచ్చింది. అవి సాధ్యమో కాదో తేలడానికే పదేళ్ళో అంతకన్నా ఎక్కువో గట్టి పరిశోధన కావాలని అందులో తేల్చింది. 2007లో వాతావరణ మార్పు మీద చేసిన ప్రకటనలోని ఒక్క మాట నచ్చక, నోబెల్ గ్రహీత ఐవార్ గియేవర్ 2011లో రాజీనామా చేశాడు. ఆ ప్రకటనను సంఘం 2015లో తిరగరాసింది.

మౌనంగా ఉంటే చాలదా అని అడిగేవాళ్ళకు బెర్లిన్ చరిత్రలోనే ఓ చేదు ఉదాహరణ ఉంది. 1933లో మాక్స్ ఫాన్ లావె సంఘం సభలో గెలీలియో కథ ఎత్తుకుని నాజీ పాలనను పరోక్షంగా ఎత్తిపొడిచాడు. అయిదేళ్ళ తర్వాత, 1938 డిసెంబరు 9న, అప్పటి అధ్యక్షుడు పీటర్ డెబై సంతకంతో సభ్యులకు ఒక ఉత్తరం వెళ్ళింది. యూదు సభ్యులు సంఘం నుంచి తప్పుకోవాలన్నది దాని సారాంశం. ఒత్తిడి ఎంత, ఇష్టం ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సభ్యుల జాబితా నిర్వహించే గుమాస్తా పని కూడా రాజకీయమైపోయిందన్నది మాత్రం వాదనకు అందని నిజం.

మన దేశంలో: ఇన్ని సంఘాలెందుకు?

భారతదేశంలో 'జాతీయ భౌతికశాస్త్ర సంఘం' ఏది అని అడిగితే ఒక్క పేరు చెప్పడం కష్టం. మేఘనాద్ సాహా చొరవతో 1934లో కలకత్తాలో ఇండియన్ ఫిజికల్ సొసైటీ ఏర్పడింది. ఆ కాలమే పోటీల కాలం. సాహా పూనికతో 1930లో అలహాబాదులో అకాడమీ వెలిసింది. రామన్ 1934లో బెంగళూరులో మరొకటి పెట్టాడు. 1935లో కలకత్తాలో జాతీయ స్థాయి సంస్థ ఇంకొకటి వచ్చింది. ఊరికో పీఠం, పీఠానికో పెద్దమనిషి అన్న ధోరణి అప్పుడే పడింది. ఆ తర్వాత 1970లో బొంబాయి కేంద్రంగా ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్ వచ్చింది. దాని 'ఫిజిక్స్ న్యూస్' సభ్యులకు వార్తలు చేరవేసే పత్రిక. 1973లో మొదలైన 'ప్రమాణ' జర్నల్‌లో రెండు అకాడమీలతో పాటు ఈ సంఘానికీ భాగం ఉంది.

ఉపశాఖల సంఘాలు వేరే. కాంతిశాస్త్రానికి 1965లో, సాపేక్షతా సిద్ధాంతానికి 1969లో, ఖగోళశాస్త్రానికి 1972లో, పదార్థ పరిశోధనకు 1989లో విడివిడిగా సంఘాలు వచ్చాయి. వీటిలో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టింది హైదరాబాదులోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. తొలి అధ్యక్షుడు వైణు బప్పు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేస్తుండగా ఆయన హైదరాబాదులోనే పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్నాడు.

ఈ విడివిడి కాపురాలను రెండు రకాలుగా చూడవచ్చు. ఒక్కో రంగానికి సొంత ఇల్లు ఉంటే చర్చ లోతుగా సాగుతుందని, చిన్న సంఘంలో యువకుడికి త్వరగా మాట్లాడే చోటు దొరుకుతుందని కొందరంటారు. విజ్ఞాన విధానం మీద ప్రభుత్వంతో మాట్లాడవలసి వచ్చినప్పుడు అందరి తరఫునా ఒక్క గొంతు లేకుండా పోయిందని ఇంకొందరంటారు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది.

ఇంకో తేడా సభ్యత్వ పద్ధతిలో ఉంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ సంఘాల్లో ప్రధానంగా ఏటా రుసుము కట్టి కొనసాగాలి. మన సంఘాల్లో శాశ్వత సభ్యత్వానికి ఆదరణ ఎక్కువ. ఒకసారి కట్టేస్తే జీవితాంతం సభ్యుడే. చౌక, సుఖం. కానీ ఏటా రుసుము కట్టేవాడు ఏటా ఒక ప్రశ్న వేసుకుంటాడు: 'నిరుడు నాకేం ఒరిగింది?' జవాబు నచ్చకపోతే మానేస్తాడు. ఆ మానేసే భయం సంఘాన్ని మేల్కొలిపి ఉంచుతుంది. శాశ్వత సభ్యత్వంలో ఆ గంట మోగదు. రాబడి ఏటా రాదు కనుక సభలకు ప్రభుత్వ శాఖల వైపు చూడక తప్పదు. అలా చూసినప్పుడు ఏమవుతుందో భారత సైన్స్ కాంగ్రెస్ చూపించింది. 1914లో మొదలై, 2017లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 104వ సమావేశం జరుపుకున్న ఆ వార్షిక సభ, 2023 జనవరి నాటి నాగపూర్ సమావేశం తర్వాత నిధుల వివాదంలో చిక్కుకుంది. 2024 జనవరిలో జరగవలసిన సభ జరగలేదు.

పోల్చి చూస్తే

ఇప్పటిదాకా చూసినదాన్ని క్లుప్తంగా ఇలా చెప్పుకోవచ్చు.

- జర్మనీ: 1845 నాటి మూలాలున్న ఒకే పెద్ద సంఘం, 50 వేలకు పైగా సభ్యులు. సభ్యుల పత్రిక 'ఫిజీక్ జర్నల్' జర్మన్ భాషలోనే. హైస్కూలు ముగింపులో భౌతికశాస్త్రంలో మేటిగా నిలిచిన పిల్లలకు ఏడాది ఉచిత సభ్యత్వం.
- బ్రిటన్: విద్వత్సభా, వృత్తి సంఘమూ కలిసిపోయిన నమూనా. వృత్తి హోదా ఇచ్చే అధికారం, సొంత ప్రచురణ సంస్థ.
- అమెరికా: పరిశోధనకు ఒక సంఘం, బోధనకు ఇంకొకటి. వీటిని కలిపే గొడుగుగా 1931లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్.
- జపాన్: 1877 నాటి టోక్యో గణిత సంఘం నుంచి పెరిగి 1946లో విడిగా నిలిచిన సంఘం. సభ్యుల కోసం 'బుత్సురి' జపనీస్‌లో, ప్రపంచం కోసం జర్నల్ ఇంగ్లీషులో.
- భారతదేశం: పరిశోధనకు, బోధనకు, ఉపశాఖలకు వేర్వేరు సంఘాలు. శాశ్వత సభ్యత్వం. వార్తంతా దాదాపు ఇంగ్లీషులోనే.

వార్త: కరువు పోయింది, ఏరుకోవడం మిగిలింది

1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో పత్రాల భాండాగారం ఒకటి మొదలుపెట్టాడు. ఇప్పటి ఆర్కైవ్ అదే. జర్నల్ గుమ్మం దాటకముందే పత్రం అందరికీ అందడం అప్పటినుంచి మామూలైంది. 1845 నాటి బెర్లిన్ సంఘం ఏ కరువు తీర్చడానికి పుట్టిందో ఆ కరువు అక్కడితో తీరిపోయింది. వచ్చిన చిక్కల్లా వెల్లువే. రోజూ వందల పత్రాలు, డజన్ల ప్రకటనలు. ఏది చదవాలి, దేన్ని నమ్మాలి?

కాబట్టి వార్త విషయంలో ఇప్పుడు రెండు అభిప్రాయాలున్నాయి. సంఘం వార్తా పత్రిక మానేసి డబ్బు వేరే పనికి పెట్టాలన్నది ఒకటి. ఏరి, సరిచూసి, వివరించే పని ముందెన్నడూ లేనంత అవసరమన్నది రెండోది. గది ఉష్ణోగ్రతలో అతివాహకత సాధించామంటూ 2023లో కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే-99 కబురు రెండో అభిప్రాయానికి బలమిచ్చింది. సామాజిక మాధ్యమాల్లో వారాలపాటు హోరెత్తిన ఆ కబురును ఒకదాని తర్వాత ఒకటిగా ప్రయోగశాలలు తిరిగి పరీక్షించి తోసిపుచ్చాయి. హోరు నడుస్తున్న ఆ రోజుల్లో మామూలు పాఠకుడికి కావలసింది ఇంకో కబురు కాదు. ఆ రంగంలో పనిచేసే నలుగురి నిదానమైన మాట. ఆ మాట ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసి ఉండాలి. సంఘం పత్రికకు మిగిలిన చోటు అదే.

భాష సంగతి కూడా ఇక్కడే తేలాలి. జర్మనీ, జపాన్ సంఘాలు పరిశోధనను ఇంగ్లీషులో ప్రకటిస్తూనే సభ్యులతో సొంత భాషలో మాట్లాడతాయి. మన దగ్గర 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి దాకా భౌతికశాస్త్ర పుస్తకాలు తెలుగులో తెచ్చింది. కానీ జాతీయ సంఘాల వార్తలు తెలుగులో రావడం అరుదు. పాఠం తెలుగులో చదివిన పిల్లకు పాఠం తర్వాతి ప్రపంచం ఇంగ్లీషులో మాత్రమే ఎదురవుతోంది.

అవకాశం: ప్రకటనకూ చేతికి అందడానికీ మధ్య

1928 ప్రాంతంలో సూరి భగవంతం కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. అప్పట్లో అవకాశమంటే ఓ గురువు, ఓ ఉత్తరం, ఓ రైలు ప్రయాణం. ప్రకటనలు, దరఖాస్తులు, ఎంపిక సంఘాలు ఈ వ్యక్తిగత పద్ధతికి బదులుగా వచ్చాయి. పరిచయం లేనివాడికీ దారి తెరవడమే వాటి ఉద్దేశం. అది నెరవేరిందా?

ఓ ప్రకటనను దగ్గరగా పెట్టి చూద్దాం. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. విద్యార్థులు, కాలేజీ అధ్యాపకులు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. కాగితం మీద ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదు. అయితే దరఖాస్తుతో పాటు ఏం చేయాలనుకుంటున్నారో ఇంగ్లీషులో ఓ పేజీ రాయాలి. ఎరిగిన అధ్యాపకుడి సిఫారసు లేఖ జతచేయాలి. ఐఐటీ విద్యార్థికి ఈ రెండూ పక్క గదిలోనే ఉంటాయి. జిల్లా కేంద్రంలో డిగ్రీ చదివే అమ్మాయి అలాంటి పేజీ ఒక్కటీ చూసి ఉండదు. లేఖ రాయవలసిన లెక్చరర్ కూడా అలాంటి లేఖ అంతకుముందు రాసి ఉండకపోవచ్చు. గడువు తెలిసినా గుమ్మం దాటలేని స్థితి ఇది.

ఈ దూరం తగ్గించే ప్రయత్నాలు లేకపోలేదు. ఉపాధ్యాయుల సంఘం నడిపే జాతీయ స్థాయి పరీక్ష ఊళ్ళలోని బడుల్లో, కాలేజీల్లోనే జరుగుతుంది. అందులో నెగ్గినవాళ్ళకు హోమీ భాభా కేంద్రం నడిపే జాతీయ ఒలింపియాడ్, ఆ పైన అంతర్జాతీయ ఒలింపియాడ్ ఉన్నాయి. 1998 నుంచి భారత జట్టు అందులో పాల్గొంటోంది. 2015లో ముంబయిలో ఆతిథ్యం కూడా ఇచ్చింది. డిగ్రీ విద్యార్థులకు వేరే పరీక్ష ఉంది. హెచ్.సి. వర్మ ముందుండి నడిపిన 'అన్వేషిక' కేంద్రాలు చవకైన సామగ్రితో చేసే ప్రయోగాలను చిన్న ఊళ్ళకు తీసుకెళ్ళాయి. వీటి మీద ఉన్న ప్రధాన విమర్శ ఏమిటంటే, ఒలింపియాడ్ దారి కోచింగ్ కేంద్రాల చేతిలో పడుతోందని. తెలుగు రాష్ట్రాల్లో కార్పొరేట్ కాలేజీల తీరు ఎరిగినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఇదే చర్చ వేరే రూపంలో నడిచింది. పీహెచ్‌డీ ప్రవేశాల్లో వెనకబడిన వర్గాలకు దారి చూపడానికి అక్కడి సంఘం 'బ్రిడ్జ్' కార్యక్రమం పెట్టింది. ప్రకటన వేసి ఊరుకోకుండా, విద్యార్థి చేయి పట్టుకుని మధ్య మెట్టు ఎక్కించడం దాని పద్ధతి. ప్రతిభకే పెద్దపీట వేయాలనేవాళ్ళకు, ప్రతిభ బయటపడే దాకా తోడుండాలనేవాళ్ళకు మధ్య వాదన అక్కడా తెగలేదు.

స్త్రీల విషయంలో హైదరాబాదుకు ఓ గుర్తింపు ఉంది. ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్‌లోని జెండర్ బృందం 2019 సెప్టెంబరులో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జాతీయ సదస్సు జరిపింది. అక్కడి చర్చల నుంచి వచ్చిన పత్రానికి 'హైదరాబాద్ చార్టర్' అని పేరు. లోపం స్త్రీల సామర్థ్యంలో లేదని, వ్యవస్థలో ఉందని, సరిదిద్దే బాధ్యత సంస్థలదేనని దాని సారం. అమెరికా సంఘంలో ఇలాంటి కమిటీ 1972లోనే ఏర్పడింది. మన దగ్గర ఆలస్యమైనా, అవకాశాన్ని వ్యక్తి అదృష్టంగా కాక సంస్థ బాధ్యతగా చూసిన పత్రం కనుక అది ముఖ్యమైనది.

డబ్బు ఎక్కడినుంచి?

పెద్ద సంఘాలకు జర్నళ్ళే ప్రధాన ఆదాయ వనరుగా నిలిచాయి. గ్రంథాలయాలు కట్టే చందాతో సభలు, భృతులు, ఉపాధ్యాయ శిక్షణ నడిచాయి. అందరికీ ఉచితంగా చదివే హక్కు ఉండాలన్న ఉద్యమం ఆ పునాదిని కదిపింది. కణభౌతికశాస్త్రం కోసం సెర్న్ ముందుండి నడిపే స్కోప్-3 ఒప్పందం 2014లో మొదలైంది. గ్రంథాలయాల డబ్బును పోగుచేసి పత్రాలను అందరికీ తెరవడం దాని పద్ధతి. 2018లో 'ఫిజికల్ రివ్యూ' కూడా అందులో చేరింది. తాము డబ్బిచ్చిన పరిశోధన అందరికీ ఉచితంగా అందాలంటూ అదే ఏడాది ఐరోపా నిధి సంస్థలు 'ప్లాన్ ఎస్' ప్రకటించాయి. పాఠకుడి బదులు రచయిత కట్టే పద్ధతి వస్తే పేద దేశపు పరిశోధకుడి మీద భారం పడుతుందన్న ఆందోళన ఇప్పటికీ ఉంది.

భారత ప్రభుత్వం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు రూ.6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్ళు, 6,300కు పైగా సంస్థలు. జర్నల్ చదవడానికి సంఘంలో చేరాలన్న కారణం దీంతో ఇంకా పలచబడింది. అయితే ఇది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. తెలుగు జిల్లాల్లో డిగ్రీ చదివేవాళ్ళలో చాలామంది ఉండేది ప్రైవేటు కాలేజీల్లో.

సభల సంగతీ ఇలాంటిదే. 2020 మార్చిలో డెన్వర్‌లో జరగవలసిన అమెరికన్ సంఘం సభకు పది వేలమందికి పైగా వస్తారనుకున్నారు. కోవిడ్ భయంతో రెండు రోజుల ముందు రద్దు చేశారు. ఆ వెంటనే సభ్యులే తమంతట తాము ఆన్‌లైన్‌లో ప్రసంగాలు పెట్టుకున్నారు. ఇల్లు కదలకుండా వినొచ్చని అప్పుడు తేలింది. వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకక సభ దాటిపోయే భారతీయ విద్యార్థికి ఇది వరమే. కానీ రూబెన్స్ మర్నాటి పొద్దున ప్లాంక్ తలుపు తట్టడం తెర మీద జరిగే పని కాదు. 2025 మార్చిలో అదే సంఘం తన రెండు ప్రధాన సభలను కలిపి అనహైమ్‌లో పెద్ద ఎత్తున ముఖాముఖిగా జరిపింది. పూర్తిగా తెర వైపు వెళ్ళడానికి ఎవరూ సిద్ధంగా లేరన్నమాట.

ఇంకా తేలనివి

1. పరిశోధనకు, వృత్తికి, బోధనకు ఒకే సంఘం ఉండాలా, వేర్వేరా? బ్రిటన్ విద్వత్సభనూ వృత్తి సంఘాన్నీ కలిపింది, అమెరికా పరిశోధననూ బోధననూ విడదీసింది. రెండూ నడుస్తున్నాయి.
2. సంఘం ప్రజా విషయాల మీద మాట్లాడాలా? నైపుణ్యం ఉన్న విషయం వరకే అన్న గీత చాలామందికి ఆమోదమే. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే తగువు.
3. జర్నల్ ఆదాయం తగ్గితే సభ్యుల సేవలు దేనితో నడుస్తాయి? రుసుము పెంచితే విద్యార్థులు దూరమవుతారు. ప్రభుత్వాన్ని అడిగితే స్వతంత్రత తగ్గుతుంది.
4. అవకాశాల పంపిణీలో సాయం ఎంతవరకు? ఎంపిక కొలమానం మార్చకుండా దరఖాస్తుదారుకు తోడుండడం ఒక పద్ధతి. కొలమానాన్నే మార్చడం ఇంకొకటి.
5. భారతీయ సంఘాలు ఒక సమాఖ్యగా మారాలా? స్వతంత్రత పోకుండా ఒక్క గొంతు ఎలా?

తీర్పు

నాలుగు వాదాల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో ఒక్కో లోటును పూడ్చడానికి వచ్చింది. ఈనాటి భారతదేశంలో, అందులోనూ తెలుగు నేల మీద, లోటు ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. వార్తకు లోటు లేదు. ప్రకటనలకు లోటు లేదు. ప్రకటనకూ దరఖాస్తుకూ మధ్య ఉన్న ఆ ఒక్క పేజీ, ఆ ఒక్క లేఖ దగ్గర లోటుంది. సంఘం విలువను సభ్యుల సంఖ్యతోనో సభల సంఖ్యతోనో కాక, మొదటిసారి దరఖాస్తు పెట్టినవాళ్ళు ఎందరు, ఏ ఊళ్ళనుంచి అన్న లెక్కతో కొలవాలి.

దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. శాశ్వత సభ్యుల జాబితాలో ఉన్న ప్రతి విశ్రాంత ఆచార్యుడూ ఏటా ఇద్దరు విద్యార్థుల పేజీ చదివి దిద్దితే చాలు. ప్రతి ప్రకటనకూ మాతృభాషలో పది వాక్యాల వివరణ జతచేస్తే చాలు. పట్టభద్రులు ఏ ఉద్యోగాల్లో చేరుతున్నారో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ లెక్కలు తీసి ప్రకటిస్తుంది. అలాంటి లెక్కను మన సంఘాలు కూడా ఏటా బయటపెట్టాలి. అప్పుడు బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరాలా వద్దా అని తర్జనభర్జన పడే ఇంటికి పుకారు బదులు సమాచారం అందుతుంది.

సభ్యులైనవాళ్ళకు ఒక విన్నపం: మీకొచ్చిన తర్వాతి ప్రకటనను ఊరికే ముందుకు పంపకండి. ఎవరికి పనికొస్తుందో ఆలోచించి, ఆ ఒక్కరికి ఫోన్ చేయండి.